పని చేయరు, అందరినీ తిడతారు, అయినా ఆయన ఉద్యోగానికి ఏమీ కాదు. ఎందుకిలా?

సి2_సీటు అడుగుతున్నారు:

మాది కోస్తాలో ఒక జిల్లా స్థాయి ప్రభుత్వ కార్యాలయం. ఊరు, శాఖ చెప్పలేను. నేను జూనియర్ అసిస్టెంట్‌ని. నా పక్క సీటు ఒక సీనియర్ అసిస్టెంట్‌ది. నేను చేరేనాటికే ఆయన అక్కడ పాతుకుపోయి ఉన్నారు. మధ్యలో ఒకసారి వేరే ఆఫీసుకి సరెండర్ చేశారు. అక్కడివాళ్లు ఏడాది తిరక్కుండానే మళ్లీ మాకే పంపేశారు.

ఆయన మీద చాడీలు చెప్పాలని రాయడం లేదు. ఇలాంటి మనిషి ఉద్యోగం ఎలా నిలబడుతుందో నాకు నిజంగా అర్థం కావాలి.

పొద్దున గేటు దగ్గర ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకుంటారు. అక్కణ్నుంచి అటే ప్లాట్ల బేరాలకు వెళ్లిపోయి పన్నెండు దాటాక సీట్లోకొస్తారు. తన పేరున వచ్చిన తపాలు పర్సనల్ రిజిస్టర్లో, అంటే సీటుకి వచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకంలో, ఎక్కించరు. ఎక్కిస్తే పెండింగ్ కనబడుతుంది కదా. ఎవరైనా ఫైలు సంగతి అడిగితే గొంతు లేస్తుంది, హాలంతా వినబడేలా తిడతారు. మా అటెండర్ అవుట్‌సోర్సింగ్ మీద చేస్తున్న పెద్దాయన. ఆయన్ని అందరి ముందూ ‘ఒరేయ్’ అనే పిలుస్తారు.

వేసవిలో ఒకావిడ వచ్చింది. మా శాఖలోనే డ్రైవరుగా చేస్తూ చనిపోయినాయన భార్య. కొడుక్కి కారుణ్య నియామకం కోసం పెట్టుకున్న కాగితాలు ఈయన సీటులో ఉన్నాయి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఇంకోటి తెమ్మంటే తెచ్చింది. ‘ఇది కాదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు’ అని ఆ కాగితాన్ని టేబుల్ మీంచి తోసేశారు. అది ఎగిరి ఫ్యాను గాలికి బీరువా కిందకి పోయింది. ఆవిడ కింద కూర్చుని చెయ్యి పెట్టి వెతుక్కుంటుంటే మా అటెండర్ స్కేలుతో లాగి తీసిచ్చాడు. ఆవిడ దాని మీద దుమ్ము కొంగుతో తుడిచి, పాలిథిన్ కవర్లో పెట్టుకుని, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. సాయంత్రం ఆయన వెళ్లాక సూపరింటెండెంట్ గారి అనుమతితో సొరుగు తీసి చూశాను. వెంచర్ బ్రోచర్ల కింద ఆ ఫైలు ఉంది. కావలసిన సర్టిఫికెట్ అందులో ఎప్పటినుంచో ఉంది. ఫైలు నేనే పుటప్ చేశాను, పైకి వెళ్లింది.

సూపరింటెండెంట్ గారికి చెబితే ‘ఆయన సంగతి తెలిసిందే కదమ్మా, నువ్వైతే చేస్తావు, కాస్త చూడు’ అంటారు. ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారేమో ‘ఎలాగూ రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డాడు, వదిలెయ్’ అంటారు. పై అధికారి అసలు ఆ మాటే ఎత్తనివ్వరు. దానికో కారణం ఉంది. ఇంతకుముందున్న అధికారి ఒకసారి ఈయనకి మెమో ఇచ్చారు. ఆ నెలలోనే ఆ అధికారి మీద హెడ్డాఫీసుకీ ఏసీబీకీ ఆకాశరామన్న ఉత్తరాలు వెళ్లాయి, వాహనం బిల్లుల గురించి. ఒక్కటీ రుజువు కాలేదు గానీ, ఆయన వాటికి జవాబులు రాసుకుంటూనే బదిలీ అయి వెళ్లిపోయారు. ఉత్తరాలు ఎవరు రాశారో నేను చెప్పలేను. ఆ తర్వాత మాత్రం మెమో ఇచ్చినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆయన సీటు పని, నా సీటు పని రెండూ నా మీదే. రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతున్నాను. మా పాప హోంవర్క్ మా అత్తగారు చేయిస్తున్నారు. ఆయన ఉద్యోగం పోవాలని నా కోరిక కాదు, ఆయన ఇంట్లోనూ తినేవాళ్లు ఉన్నారు. ఆయన పని నా నెత్తిన పడకూడదు, ఆ డ్రైవరు భార్యలాంటి వాళ్లకు ఆ గతి పట్టకూడదు. ప్రభుత్వ ఉద్యోగిని ఎవరూ కదిలించలేరని అందరూ అనే మాట నిజమేనా? నాలాంటి చిన్న ఉద్యోగి ఏమైనా చేయగలదా?

రిటైర్డ్_సూపరింటెండెంట్:

అమ్మా, నా సర్వీసు చాలావరకు ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లలోనే గడిచింది. క్రమశిక్షణ ఫైళ్లు చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ఎవరూ కదిలించలేరన్న మాట తప్పు. అందరూ రాజ్యాంగం 311వ అధికరణం పేరు చెబుతారు. అది ఎవరినీ తీసెయ్యకూడదని అనలేదు. నియమించిన అధికారి కంటే కింది అధికారి తీసెయ్యకూడదంది. ఆరోపణలేమిటో చెప్పి, విచారణ జరిపి, తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చాకే డిస్మిస్ చేయాలి, తీసెయ్యాలి, లేదా హోదా తగ్గించాలి అంది. ఆ విచారణ ఎలా జరగాలో మనకు 1991 నాటి సీసీఏ రూల్సు, అంటే రాష్ట్ర ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు, చెబుతాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా వాటినే కొనసాగించింది. 9వ రూలులో శిక్షలన్నీ ఉన్నాయి. సెన్సూర్ (మందలింపు) దగ్గర మొదలై ఇంక్రిమెంటు ఆపడం, నిర్బంధ పదవీ విరమణ, చివరికి డిస్మిస్ దాకా. అంటే ఆయుధాల కొరత లేదు.

మరి ఎందుకు జరగదు? మీ సూపరింటెండెంటుకు ఆయన్ని శిక్షించే అధికారం లేదు. ఆయన చేయగలిగింది పైకి రాయడమే. రాస్తే తానే సాక్షి అవుతాడు, విచారణకు తిరగాలి, తన మీద ఎదురు పిటిషన్లు పడతాయి. రాయకుండా నీలాంటి పనిచేసే పిల్లకు ఆ ఫైళ్లు అప్పజెబితే ఆ రోజుకు ఆఫీసు నడిచిపోతుంది. పై అధికారి ఉండేది కొన్నాళ్లు. ఆ కొన్నాళ్లూ గొడవ లేకుండా గడిస్తే చాలనుకుంటాడు. మరీ మితిమీరితే సరెండర్ అంటాడు. తన తలనొప్పిని ఇంకో ఆఫీసుకు పంపడమది. సర్వీసు రిజిస్టరులో దాని తాలూకు మచ్చ ఒక్కటీ ఉండదు. మీ పక్క సీటాయన వెళ్లి మళ్లీ రావడం చూశావు కదా. ఇన్నేళ్లుగా అందరూ నోటితో తిట్టారు, పెన్నుతో ఎవరూ రాయలేదు. రేపు ఎవరైనా ధైర్యం చేసి ఆయన రికార్డు తెరిస్తే అందులో ఆయన మచ్చలేని ఉద్యోగి.

నేను చూసిన ఒక ఫైలు చెబుతాను. ఇలాంటి మనిషి మీదే చార్జి మెమో, అంటే ఆరోపణలు రాసిన నోటీసు, ఇచ్చారు. ‘విధుల పట్ల తీవ్ర నిర్లక్ష్యం, పై అధికారుల పట్ల అవిధేయత’. ఆరోపణ అంతే. ఏ రోజు, ఏ ఫైలు, ఎవరితో ఏమన్నాడు అన్నది లేదు. అతను రెండు పేజీల జవాబిచ్చాడు. మొదటి పేజీ అంతా ప్రశ్నలే. నేను రాని తేదీలేవి? నేను ఆపిన ఫైలు నంబరేమిటి? నాకు అంతకుముందు ఇచ్చిన మెమో నకలు ఏది? ఒక్కదానికీ ఆఫీసు దగ్గర సమాధానం లేదు. సాక్షులుగా రాసిన ఇద్దరు సహోద్యోగులు విచారణ రోజున ‘గుర్తు లేదు సార్’ అన్నారు. వాళ్లనీ నేను పూర్తిగా తప్పుపట్టను, రేపు మళ్లీ పక్క కుర్చీలో కూర్చోవలసింది వాళ్లే. ఈలోగా విచారణాధికారి రిటైరయ్యాడు, కొత్తాయన మళ్లీ మొదటినుంచి మొదలెట్టాడు. చివరకు ఆరోపణలు రుజువు కాలేదని మూసేశారు. సస్పెన్షన్లో ఉన్నన్నాళ్లూ సగం జీతం మేర సబ్సిస్టెన్స్ అలవెన్సు తీసుకున్నాడు. తర్వాత ఆ కాలమంతా డ్యూటీ కింద లెక్కగట్టి మిగతాదీ ఇచ్చారు. అన్నాళ్లూ ఆ సీటు పని చేసిన పిల్లాడికి ఒక థ్యాంక్స్ కూడా లేదు. ఆ ఫైలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

సుప్రీంకోర్టు 2015లో రెండు మంచి మాటలు చెప్పింది. సస్పెండ్ చేసిన మూడు నెలల్లో చార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ అంతకు మించి సాగకూడదని ఒక కేసులో, శాఖాపరమైన విచారణ ఆరు నెలల్లో, తప్పనిసరైతే ఏడాదిలో ముగించాలని ఇంకో కేసులో. పాటిస్తే ఉద్యోగికీ మంచిది, ఆఫీసుకీ మంచిది.

నిలబడ్డ ఫైలు కూడా చెప్పాలి. ఒక సెక్షన్‌కి సూపరింటెండెంటుగా ఒక మేడమ్ ఉండేవారు. ఆమె గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తన కింద ఇలాంటి మనిషి ఉంటే, కాగితం ఆలస్యమైన ప్రతిసారీ నాలుగు వరుసల మెమో ఇచ్చేవారు. కరెంటు (ఆఫీసుకొచ్చిన కాగితం) నంబరు, అది అందిన తేదీ, జవాబు వెళ్లవలసిన తేదీ, ఇవాళ్టి తేదీ. అందినట్టు సంతకం చేయనంటే, తీసుకోవడానికి నిరాకరించారని రాసి పక్కన ఇద్దరి సంతకాలు. విశేషణం ఒక్కటి ఉండేది కాదు. చార్జి మెమో ఇచ్చేనాటికి ఆ మెమోలే సాక్ష్యం. వాటి మీద ‘గుర్తు లేదు’ అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. అతనికి క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో, అంటే ఆ నష్టం తర్వాతి జీతాల్లోనూ కొనసాగేలా, ఇంక్రిమెంట్లు ఆపారు. ఉద్యోగం పోలేదు గానీ ఆ దెబ్బ పెన్షన్ దాకా పోతుంది. ఆ తర్వాత అతను పదిన్నరకల్లా సీట్లో ఉండటం నా కళ్లతో చూశాను.

ఇంకో సంగతి. ఆ శిక్ష పడినట్టు ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు చాలామందికి తెలియదు. మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షలు ఉద్యోగి వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప సమాచార హక్కు కింద ఇవ్వనక్కర్లేదని 2012లో సుప్రీంకోర్టు అంది. అందుకని ‘ఏమీ కాలేదు’ అని మనకు కనబడేవాటిలో కొన్నిటి వెనక ఏదో ఒకటి అయి ఉండొచ్చు. మీ కేసులో మాత్రం ఏమీ అయి ఉండదనే నా అంచనా.

నువ్వు చేయవలసింది: ఆయన ప్రవర్తన గురించి పిటిషన్ రాయకు. నీకు అప్పగించిన పని గురించి రాయి. ‘ఫలానా సీటు ఫైళ్లు కూడా నన్ను చూడమని మౌఖికంగా చెబుతున్నారు, పని విభజన ఉత్తర్వు ఇప్పించగలరు’ అని సూపరింటెండెంటుకు నోట్ పెట్టు. ఆయన సీట్లో ఉండగా నీకు ఎఫ్ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) రాదు, ఆ ఆశ పెట్టుకోకు. ఉత్తర్వు ఇస్తే నీ శ్రమ రికార్డులోకి వస్తుంది. ఇవ్వకపోతే రేపు ఆ సీటులో ఏ కాగితం పోయినా అది నీ మెడకు చుట్టుకోదు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దాని గురించే. వేరేవాళ్ల సీటు పని నోటిమాట మీద చేసేవాళ్లు ఆడిట్ వచ్చినప్పుడు బలైపోతారు.

మాదాపూర్_హెచ్ఆర్:

సి2 గారూ, ఇది ప్రభుత్వాఫీసుల జబ్బని మాత్రం అనుకోకండి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో హెచ్ఆర్‌గా చేస్తున్నాను. మాకు 311 లేదు, అయినా ఇదే కథ.

ఒక టీమ్ లీడ్ ఉండేవాడు. కాల్‌లో అమెరికా క్లయింట్ ఉన్నంతసేపూ ఎంతో మర్యాద, కాల్ కట్ అయ్యాక ఫ్రెషర్లను ఏడిపించేవాడు. ఒకమ్మాయి చేసిన పనిని తన పేరుతో పంపించి, అందులో తప్పు దొరికితే మాత్రం ఆ అమ్మాయి పేరు పెట్టేవాడు. ఆ టీమ్ నుంచి వెళ్లిపోయేవాళ్ల ఎగ్జిట్ ఇంటర్వ్యూలు నేనే చేసేదాన్ని. కారణం ఏమిటంటే ‘హయ్యర్ స్టడీస్’, ‘పర్సనల్’ అని రాసేవాళ్లు. రిలీవింగ్ లెటర్ చేతికి రావాలి, రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఇక్కడికే ఫోన్ చేస్తుంది, ఎందుకొచ్చిన గొడవ అని. గది తలుపు వేశాక మాత్రం అందరూ అతని పేరే చెప్పేవాళ్లు. నేను అది పైకి తీసుకెళ్తే ‘ఫైల్లో కంప్లయింట్ ఏది?’ అనేవారు. ఆ క్లయింట్ అకౌంట్ అతని చేతిలో ఉంది, అది పోతే ఆ క్వార్టర్ లెక్కలు తప్పుతాయి. అసలు సంగతి అది.

మావాళ్లకు ఉద్యోగ రక్షణ అసలు లేదనీ అనకూడదు. తెలంగాణలో అమల్లో ఉన్న 1988 దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిండినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల నోటీసో దాని బదులు జీతమో ఇవ్వకుండా తీయకూడదు. కానీ మాదగ్గర ఎవరినైనా వదిలించుకోవాలంటే తీసెయ్యరు, రిజైన్ చేయమంటారు. నెమ్మదస్తులు చేసేస్తారు. గట్టిగా మాట్లాడేవాడు, నాలుగు మెయిళ్లు దాచుకున్నవాడు చేయడు. అందుకే లేఆఫ్‌లప్పుడు నోరు లేనివాళ్లే ముందు పోతారు. ఆ లిస్టులు టైప్ చేసిన దాన్ని, ఆ బాధ నాకు తెలుసు.

ఆ లీడ్‌ని కదిలించింది కూడా రాతే. చివర్లో ఒకబ్బాయి రిజైన్ చేయకుండా, ప్రతి మీటింగ్ అయ్యాక అతనికే మెయిల్ పెట్టడం మొదలెట్టాడు: ‘ఇవాళ మీరు ఫలానా పని ఫలానా టైముకి చేయమన్నారు, ఫలానా మాట అన్నారు, నేను సరిగా అర్థం చేసుకున్నానా?’ అని. అలాంటి మెయిళ్లు ఒక దొంతర అయ్యాక మా డైరెక్టర్ అతన్ని పీపుల్ మేనేజ్‌మెంట్ నుంచి తప్పించారు. జీతం తగ్గలేదు. కనీసం అతని కింద పిల్లల్ని పెట్టడం ఆపారు.

స్టాఫ్‌నర్స్_హనుమకొండ:

అక్కా, ఒక్క మాట అడుగుతా. ఆయన తిట్లు ఆడవాళ్ల మీద వేరే రకంగా ఉంటాయా? ఉంటే మాత్రం ఈ మెమోల దారిలో పోకండి. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. పది మంది, ఆ పైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగే అధ్యక్షురాలు, సభ్యుల్లో సగం మందైనా ఆడవాళ్లుండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల లోపల రాసివ్వాలి, కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ తొంభై రోజుల్లో అవ్వాలి. ఆ కమిటీ రిపోర్టునే శాఖాపరమైన విచారణ రిపోర్టుగా తీసుకోవాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే మళ్లీ మొదటినుంచి ఇంకో విచారణ అక్కర్లేదు.

నేను చేసిన ఒక ఆస్పత్రిలో నైట్ డ్యూటీ అంటే భయపడేవాళ్లం, ఒక సీనియర్ టెక్నీషియన్ వల్ల. ‘ఆయన అంతే, పట్టించుకోకండి’ అని పెద్ద సిస్టర్లు సర్దిచెప్పేవాళ్లు. కొత్తగా వచ్చిన ఒక పిల్ల పట్టించుకుంది. తేదీ, వార్డు, డ్యూటీ టైము రాసి కమిటీకి ఇచ్చింది. ఆమె వెనకాల మేం ముగ్గురం సంతకం పెట్టినం. ఎవరైనా ఒక్కరు ముందు నిలబడితే మిగతావాళ్లకు నోరొస్తుంది అక్కా. ఆయనకు ఏం శిక్ష పడిందో మాకు చెప్పలేదు, చెప్పకూడదట కూడా. మళ్లీ మా వార్డు వైపు మాత్రం రాలేదు.

డేటాఎంట్రీ_అవుట్‌సోర్సింగ్:

మీ అటెండర్ గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేనూ ఒక ఆఫీసులో ఏజెన్సీ తరఫున కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేవాడిని. ఒక రెగ్యులర్ ఉద్యోగి తన లాగిన్ పాస్‌వర్డ్ నాకిచ్చి పని చేయించుకునేవారు. ఒక ఎంట్రీ తప్పు పడింది. ఆయనకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, జవాబివ్వడానికి గడువు ఇచ్చారు. నాకు ఏజెన్సీ సూపర్‌వైజర్ నుంచి ఫోన్ వచ్చింది, రేపటినుంచి రావద్దని. చార్జి మెమో లేదు, సాక్షి లేదు, నా మాట అడిగినవాళ్లు లేరు.

ఆయన్ని తీసెయ్యాల్సిందని నేననడం లేదు. ఆయనకిచ్చిన గడువులో ఒక్క రోజు నాకూ ఇచ్చి ఉంటే ఆ సమయంలో నేను సెలవులో ఉన్నానని చూపించేవాడిని. మీ పెద్దాయన ‘ఒరేయ్’ అనిపించుకుని కూడా ఎందుకు ఊరుకుంటున్నాడో దయచేసి అర్థం చేసుకోండి. ఆయన్ని మాత్రం సాక్షిగా పెట్టకండి.

యూనియన్_మనిషి:

రిటైర్డ్ గారు చెప్పిన దాంట్లో ఎక్కువ భాగం ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి చర్చలు చివరికి ‘రక్షణలు ఎత్తేస్తే అందరూ దారికొస్తారు’ అనే దగ్గర ఆగుతుంటాయి. అందుకని ముందే చెప్తున్నా.

మా యూనియన్ చూసిన కేసు ఒకటి. స్టోర్ కీపర్. రాని సరుకు వచ్చినట్టు స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టనన్నాడు. నెల తిరక్కుండా అతని మీద అనధికార గైర్హాజరు, అవిధేయత అని చార్జి మెమో. అతను లేకుండానే విచారణ ముగించి, రిపోర్టు నకలు ఇవ్వకుండానే తీసేశారు. ఏ రిపోర్టు ఆధారంగా శిక్ష వేస్తున్నారో దాన్ని ఉద్యోగికి ముందు ఇచ్చి, అతని జవాబు వినాలని 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పుంది. మన హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి వెళ్లిన కేసే అది. రిపోర్టు ఇవ్వకపోవడం వల్ల అతనికి జరిగిన నష్టం చూపించాకే మావాడు తిరిగి నిలబడ్డాడు. ఆ తీర్పు లేకపోతే ఆ కుటుంబం రోడ్డున పడేది. పని ఎగ్గొట్టేవాడు వాడుకునే తలుపు, నిజాయితీపరుడు ప్రాణం దక్కించుకునే తలుపు ఒకటే. పైన ఆ తమ్ముడు రాసింది చూడండి, తలుపు లేకపోతే ఎలా ఉంటుందో.

మరొకటి. సి2 గారి సీనియర్ కూడా మా సభ్యుడే అయి ఉండొచ్చు. ఆయనకు చార్జి మెమో వస్తే డిఫెన్స్ అసిస్టెంటుగా, అంటే విచారణలో ఆయన తరఫున మాట్లాడటానికి, మా వాళ్లే కూర్చుంటారు, కూర్చోవాలి కూడా. కానీ డ్రైవరు భార్య కూడా మన ఉద్యోగి కుటుంబమే. ఆ కాగితం బీరువా కిందకి పోయిన సంగతి చదివి నాకు సిగ్గేసింది. మీ జిల్లాలో యూనియన్ వాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పండి. అధికారి మాట వినని మనిషి అసోసియేషన్ ప్రెసిడెంట్ పక్కకి పిలిచి మాట్లాడితే వినడం నేను చూశాను.

ఆకాశరామన్న ఉత్తరాల సంగతి: పేరూ చిరునామా లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది. అది కేంద్ర సంస్థలకు చెప్పిందే అయినా, బిల్లులు సరిగ్గా ఉన్న అధికారి అంత బెదిరిపోవాల్సిన పని లేదు.

రిటైర్డ్_సూపరింటెండెంట్:

యూనియన్ గారూ, తలుపు తీసెయ్యాలని నేనెక్కడా అనలేదు. చార్జి మెమో సరిగ్గా రాయమంటున్నాను. సరిగ్గా రాయాలంటే తేదీలు కావాలి, ఆధారాలు కావాలి. మీ స్టోర్ కీపర్ మీద అలా రాయాలని చూసి ఉంటే ఆ అధికారి దగ్గర రాయడానికి ఏమీ దొరికేది కాదు.

సి2_సీటు:

అందరికీ నమస్కారం. హనుమకొండ చెల్లీ, అదృష్టవశాత్తూ ఆ రకం ఇబ్బంది లేదు. ఆపరేటర్ తమ్ముడూ, మా అటెండర్ పేరు ఎక్కడా రాదు, మాటిస్తున్నాను.

సూపరింటెండెంట్ గారికి ఈ-ఆఫీస్‌లో నోట్ పెట్టాను, పని విభజన ఉత్తర్వు కోసం. ముందు పిలిచి ‘ఇదేంటమ్మా, మన మధ్య ఈ రాతకోతలెందుకు’ అన్నారు. ‘సార్, ఆడిట్‌లో ఆ సీటు కాగితం ఏదైనా పోతే నేనేం చెప్పాలి?’ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోట్‌ని ఏవో గారికి పంపారు, ఏవో గారు ‘చర్చించండి’ అని రాసి వెనక్కి పంపారు. ప్రస్తుతానికి అక్కడ ఉంది. అసోసియేషన్ సెక్రటరీ గారితో కూడా మాట్లాడాను, డ్రైవరు గారు ఆయనకు తెలిసిన మనిషేనట. తాను మాట్లాడతానన్నారు.

ఈలోగా కొత్త చిక్కు. మా పక్క సీటాయన తన పెండింగ్ ఫైళ్లు కొన్ని నేరుగా నా లాగిన్‌కి ఫార్వర్డ్ చేసేశారు, ‘అవసరమైన చర్య కోసం’ అని ఒక్క మాట రాసి. అందులో ఒక కుటుంబ పెన్షన్ ఫైలు కూడా ఉంది, దాన్ని ఆపడానికి నాకు మనసొప్పడం లేదు. వెనక్కి పంపితే ఏం రాసి పంపాలి?

రిటైర్డ్_సూపరింటెండెంట్:

పెన్షన్ ఫైలు ఆపకమ్మా. మిగతావి ఆయనకు తిరిగి పంపకు. పంపితే మీ ఇద్దరి మధ్య బంతాట అవుతుంది, చూసేవాళ్లకు నువ్వూ ఆయనా ఒకటే అనిపిస్తారు. సూపరింటెండెంటుకే మార్క్ చెయ్యి. నోట్ ఇలా రాయి:

‘ఈ ఫైలు ఫలానా సీటుకు చెందినది. ఫలానా తేదీన నా లాగిన్‌కు వచ్చింది. దీనికి సంబంధించిన కరెంటు ఫలానా తేదీ నుంచి పెండింగులో ఉంది. ఈ సీటు పని నాకు అప్పగిస్తూ ఉత్తర్వులు లేవు. తగు ఆదేశాల కోసం సమర్పించడమైనది.’

పెన్షన్ ఫైలు మీద చివరి వాక్యం మార్చు: ‘కుటుంబ పెన్షన్ విషయం అయినందున జాప్యం జరగకుండా ముసాయిదా సిద్ధం చేసి ఆమోదం కోసం సమర్పించడమైనది. ఇకపై ఈ సీటు పని ఎవరు చూడాలో ఆదేశాలు కోరడమైనది.’

ఆయన గురించి ఇంకొక్క మాట కూడా చేర్చకు. కరెంటు తేదీలు మాత్రం తపాలు రిజిస్టర్‌తో సరిచూసుకుని వెయ్యి. ఆయన పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించలేదన్నావు కాబట్టి ఇన్‌వార్డ్ నంబరే నీకు ఆధారం. పెన్షన్ ఫైలు ఇవాళే పంపెయ్యి, మిగతావి రేపు.